అటక మీది ఆకాశం

పాత టెలిస్కోపు చేతికొస్తే దేన్ని ముందు ముట్టుకోవాలి, దేని జోలికి చివరిదాకా పోకూడదు

పిల్లవాడికి పదో తరగతిలో మంచి మార్కులొచ్చాయని కొంటారు. మొదటి వారం డాబా మీద చందమామను చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. రెండో వారం శనిగ్రహం కోసం వెతుకుతారు, దొరకదు. దొరికినా ఐపీస్‌లో గజగజ వణుకుతుంది. ఇంతలో వానాకాలం వస్తుంది, పిల్లవాడు ఇంటర్‌లో చేరతాడు, టెలిస్కోపు అటకెక్కుతుంది. కొన్నేళ్ల తర్వాత ఇల్లు మారేటప్పుడు "కండిషన్ బాగుంది, కొంచెం దుమ్ము పట్టింది" అన్న మాటతో అమ్మకానికి వస్తుంది. మన ఊళ్లలో చేతులు మారే టెలిస్కోపుల్లో చాలావాటి కథ ఇదే. బడుల్లో సైన్సు గది బీరువా వెనక నిలబెట్టి మరిచిపోయినవి వేరే.

అలాంటిది ఇంటికి తెచ్చుకున్నవాళ్లు మూత తీసి, టార్చి వేసి చూసి, "అయ్యో, అద్దం పోయింది" అంటారు. వాళ్లకు ధైర్యం చెప్పడానికే ఈ కథనం. టెలిస్కోపులో అన్నిటికంటే ఆలస్యంగా పాడయ్యేది అద్దమే. పదేళ్లు మూలన పడున్న టెలిస్కోపులో సరిగ్గా కనిపించకపోతే తప్పు స్టాండులోనో, ఫోకసర్‌లోనో, అద్దాల పొందికలోనో ఉంటుంది. దాదాపు అన్నీ ఇంట్లో, చేత్తో సరిచేసుకోగలిగినవే.

ఆకారం గాజుది, మెరుపు పూతది

అమెచ్యూర్ల చేతుల్లో ఎక్కువగా కనిపించేది న్యూటన్ పద్ధతి టెలిస్కోపు. గొట్టం అడుగున పుటాకారపు పెద్ద అద్దం, పైన వాలుగా బిగించిన చిన్న అద్దం, పక్కన కన్ను పెట్టి చూసే ఐపీస్, దాన్ని ముందుకూ వెనక్కూ జరిపే ఫోకసర్. పెద్ద అద్దం వంపు ఎంత కచ్చితంగా ఉండాలంటే, దాని నుంచి వచ్చే కాంతి తరంగంలో తేడా తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు దాటకూడదు. పచ్చని కాంతికి అది సుమారు 140 నానోమీటర్లు. ఇంత సన్నని లెక్కతో అరగదీసిన గాజు, అటక మీద పదేళ్లున్నా ముప్పై ఏళ్లున్నా వంపు మార్చుకోదు. దాని మీద ఉండే అల్యూమినియం పూత మందం 100 నానోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. మాసేది, మచ్చలు పడేది, ఉప్పుగాలికి చెడేది ఆ పూత. గోడకు వేసిన వెల్ల లాంటిది అది. వెల్ల పెచ్చులూడిందని గోడను కూల్చుకోము గదా.

ఈ వెసులుబాటు మొదటి నుంచీ ఉన్నది కాదు. 1668లో న్యూటన్ తన చేత్తో చేసుకున్న టెలిస్కోపు అద్దం రాగి, తగరం ప్రధానంగా కలిపి పోసిన లోహం. మెరుపూ ఆకారమూ రెండూ ఆ లోహానివే. అది నల్లబడితే మళ్లీ పాలిష్ పట్టాలి. పాలిష్ పడితే వంపు చెదురుతుంది, వంపును మళ్లీ మొదటి నుంచి తీర్చాలి. 1781 మార్చి 13న యురేనస్‌ను కనిపెట్టిన విలియమ్ హెర్షెల్ జీవితమంతా ఈ పనితోనే సతమతమయ్యాడు. తన 40 అడుగుల మహా టెలిస్కోపుకు రెండు అద్దాలు పోయించుకున్నాడు. ఒకటి గొట్టంలో ఉంటే రెండోది పాలిష్‌లో ఉండేది.

1850లలో జర్మనీలో స్టైన్‌హైల్, ఫ్రాన్స్‌లో ఫూకో గాజు అద్దం మీద పలచగా వెండి పూసి ఈ ముడి విప్పారు. వెండి నల్లబడితే కడిగేసి మళ్లీ పూయొచ్చు, గాజు వంపు చెక్కుచెదరదు. 1930లలో అమెరికాలో జాన్ స్ట్రాంగ్ గాలి తీసేసిన గదిలో అల్యూమినియాన్ని ఆవిరి చేసి అద్దం మీద పట్టించే పద్ధతిని రూపొందించాడు. 1935లో అక్కడి మౌంట్ విల్సన్ వేధశాలలోని 100 అంగుళాల అద్దానికి కూడా ఆ పూతే వేశారు. తమిళనాడులోని కావలూరు వేధశాలలో ఉన్న 2.3 మీటర్ల అద్దానికి పూత మార్చే యంత్రం అక్కడే ఉంది. అంత పెద్ద వేధశాలల్లోనే పూత మార్చడం మామూలు పనుల్లో ఒకటి. మన ఆరంగుళాల అద్దం మసకబారిందని దిగులు పడనక్కర్లేదు.

కొనేముందు

టార్చి వెలుగులో అద్దం ఎంత మురికిగా కనిపిస్తే అంత పాడైనట్టు కాదు. ఏటవాలుగా పడే వెలుగులో ప్రతి ధూళికణమూ మెరుస్తుంది. ఆకాశం చూసేటప్పుడు ఆ దుమ్ము మింగేసే కాంతి చాలా తక్కువ. అంచున చిన్న పెచ్చు ఊడినా నష్టం ఆ కాస్త మేరకే. పూత సంగతి తెలియాలంటే అద్దాన్ని బయటికి తీసినప్పుడు వెనక ఒక బల్బు పెట్టి చూడాలి. అక్కడక్కడ సూదిమొన రంధ్రాలు కనిపిస్తే ఫర్వాలేదు. బల్బు ఆకారమే మచ్చలు మచ్చలుగా తెలిసిపోతుంటే పూతకు కాలం తీరినట్టు.

కటకపు టెలిస్కోపయితే లెన్సు లోపల సాలెగూడు దారాల్లాంటి బూజు ఉందేమో చూడాలి. కొత్తగా పట్టిన బూజు తుడిస్తే పోతుంది. ఏళ్లుగా ఉన్నది గాజునే తినేసి గీతలు మిగులుస్తుంది, వాటికి మందు లేదు. ముందు కటకం రెండు రకాల గాజుముక్కల జంట. ఎవరైనా విప్పి ఒకదాన్ని తిరగేసి బిగించి ఉంటే ఎంత తిప్పినా బొమ్మ కుదరదు. ఎప్పుడైనా విప్పాల్సి వస్తే ముందుగా రెండు ముక్కల అంచుల మీదా కలిసేలా పెన్సిల్‌తో బాణం గుర్తు గీయడం తప్పనిసరి.

ఇంకో రకం టెలిస్కోపు ఉంది, దాని విషయంలో మాత్రం నేను కొనవద్దనే చెబుతాను. గొట్టం మీద నాభ్యంతరం 1000 మిల్లీమీటర్లని రాసి ఉంటుంది, గొట్టం పొడవు చూస్తే అందులో సగమే. అంటే అద్దం గోళాకారపు వంపుది, దాని లోపాన్ని దిద్దడానికి ఫోకసర్ గొట్టంలో ఒక చిన్న లెన్సు అమర్చారు. దీన్ని బర్డ్-జోన్స్ పద్ధతి అంటారు. పద్ధతిగా తప్పు లేదు గానీ చవకరకాల్లో ఆ లెన్సు నాణ్యత తక్కువ, అద్దాలు పొందిక చేయడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. మొదటి టెలిస్కోపుగా అది మనసు విరిచేస్తుంది. పెట్టె మీద 600 రెట్లు అని అచ్చేసి ఉంటే దాన్నీ నమ్మొద్దు. అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లుంటే దానికి రెట్టింపు వరకే పనికొచ్చే పెంపు. 60 మిల్లీమీటర్ల కటకానికి 120 రెట్లు, అదీ గాలి నిలకడగా ఉన్న రాత్రి.

పాత పెట్టెలో ఐపీస్‌కు బిగించే చిన్న నల్ల అద్దం దొరకొచ్చు, దాని చుట్టూ "సన్" అని రాసి ఉంటుంది. అది దొరికిన రోజే పగలగొట్టి పారేయండి. టెలిస్కోపు పోగుచేసిన ఎండంతా ఆ చిన్న బిళ్ల మీద పడుతుంది, వేడికి అది చూస్తుండగానే పగలొచ్చు. పగిలిన క్షణంలో కన్ను పోతుంది. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందు మొత్తాన్నీ కప్పే సౌర ఫిల్టరొక్కటే దారి. పిల్లలున్న ఇంట్లో ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

గ్రీజుతో మొదలు

టెలిస్కోపు తెచ్చిన సాయంత్రమే అద్దం కడగాలని చేతులు దురద పెడతాయి. ఆగాలి. ముందు స్టాండు. పాత ఈక్వటోరియల్ స్టాండులో గ్రీజు ఎండి బంకలా మారిపోయి ఉంటుంది. గుబ్బ తిప్పితే కదలదు, బలవంతంగా తిప్పితే ఒక్కసారిగా జారుతుంది. గ్రహం చేతికందక పిల్లలు విసిగిపోయింది ఇందుకే. స్టాండు ఒక్కో భాగం విప్పుతూ ఫోన్లో ఫొటో తీసుకుంటూ పోవాలి. వాషర్లు ఏ వరసలో ఉన్నాయో అదే వరసలో గుడ్డ మీద పేర్చుకోవాలి. గాలి ఆడేచోట, పొయ్యికి దూరంగా, పాత గ్రీజును కిరోసిన్‌తోనో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనో పూర్తిగా తుడిచేసి కొత్త లిథియం గ్రీజు పలచగా రాయాలి. వార్మ్ గేరు పళ్ల మధ్య సందు తగ్గించే చిన్న స్క్రూలుంటాయి. సందు మరీ తగ్గిస్తే గేరు పట్టేస్తుంది, వదులైతే తిప్పిన గుబ్బకూ కదిలే గొట్టానికీ పొంతన ఉండదు. ఈ రెంటి మధ్య తగిన చోటు చేతికే తెలుస్తుంది. పోయిన బోల్టులకు సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి హార్డ్‌వేర్ బజారుకు పాత బోల్టు పట్టుకెళ్తే సరిపోతుంది.

మన అక్షాంశాలతో ఒక చిక్కుంది. ఈక్వటోరియల్ స్టాండు ఇరుసు ధ్రువనక్షత్రం వైపు వాలి ఉండాలి. హైదరాబాద్‌లో అది నేలకు 17 డిగ్రీల ఎత్తులోనే, తిరుపతిలో 14 డిగ్రీలు కూడా ఉండదు. చలిదేశాల కోసం చేసిన కొన్ని స్టాండులు 20 డిగ్రీలకు కిందికి దిగవు. స్టాండు లోపమేమో అనుకుని స్క్రూ విరగ్గొట్టినవాళ్లున్నారు. ఉత్తరం వైపు కాలును కాస్త కురచ చేస్తే మిగతా కొద్ది డిగ్రీలు కలిసొస్తాయి. ఇరుసు అంత కిందికి వాలినప్పుడు బరువుగుండు కడ్డీ స్టాండు కాలికి తగలొచ్చు, గొట్టం తిప్పేటప్పుడు దాని మీద ఒక కన్ను ఉంచాలి.

స్టాండు బాగుచేయలేని స్థితిలో ఉంటే దిగులొద్దు. దానికి దారి చూపినవాడు జాన్ డాబ్సన్. 1915లో బీజింగ్‌లో పుట్టి, అమెరికాలో పెరిగి, 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని రామకృష్ణ సంప్రదాయపు వేదాంత ఆశ్రమంలో సన్యాసిగా చేరినవాడు. చేతిలో డబ్బు లేదు. ఓడ కిటికీకి వాడే మందపాటి గాజును అరగదీసి 12 అంగుళాల అద్దం చేసుకున్నాడు. రాత్రిళ్లు వీధిలోకి వెళ్లి జనానికి ఆకాశం చూపించాలనే తపన ఆశ్రమ నియమాలతో పొసగలేదు, 1967లో బయటికి రావాల్సి వచ్చింది. మరుసటి ఏడాది మిత్రులతో కలిసి కాలిబాట మీద టెలిస్కోపు పెట్టి చూపించే సంఘాన్ని మొదలుపెట్టాడు. ఆయన స్టాండులో గేర్లు లేవు. ప్లైవుడ్ పెట్టె, తిరగడానికి లామినేట్ షీటు, దాని కింద టెఫ్లాన్ ముక్కలు, అంతే. మన వడ్రంగికి కొలతలిచ్చి, సన్‌మైకా షీటు, టెఫ్లాన్ ముక్కలు చేతికిస్తే ఒకటి రెండు రోజుల్లో చేసిస్తాడు. వణికే అల్యూమినియం కాళ్ల కన్నా ఆ చెక్కపెట్టె ఎన్నో రెట్లు నయం.

ఫోకసర్ కూడా గ్రీజు సమస్యే, కాకపోతే ఇక్కడ వదులు ఎక్కువ బాధపెడుతుంది. గొట్టం లోపల పలచటి టెఫ్లాన్ పట్టీ అంటిస్తే ఊగడం తగ్గుతుంది. పాత జపాన్ టెలిస్కోపుల్లో ఐపీస్ వ్యాసం 24.5 మిల్లీమీటర్లు, ఇప్పుడు దొరికేవి 31.7 మిల్లీమీటర్లవి. మిత్రుడి దగ్గరున్న అలాంటి టెలిస్కోపు కోసం బాలానగర్‌లో ఒక లేత్ షాపుకు వెళ్లాను. గీసిన బొమ్మ చూసి "ఇదేందన్నా, మోటర్‌కా?" అన్నాడు ఆయన. "కాదన్నా, శనిగ్రహం చూసే దుర్భిణికి" అన్నాను. అల్యూమినియం కడ్డీ తిప్పి, రెండుసార్లు కొలిచి, చేతిలో పెడుతూ "మా పోరగాండ్లకు ఓపారి సూపిస్తవా?" అని అడిగాడు. సామాను చేసినాయన పిల్లలకు కాక ఇంకెవరికి చూపిస్తాం!

పొందిక

అద్దాల పొందిక కుదరనప్పుడు శని ఒక పసుపు మరకలా ఉంటుంది. కుదిరాక అదే గొట్టంలో, అదే అద్దంతో, వలయానికీ గ్రహానికీ మధ్య నల్లటి సందు తెలుస్తుంది. కొత్త టెలిస్కోపు కొన్నంత తేడా. దీనికి వేలు పోసి లేజర్ పరికరం కొనక్కర్లేదు. చవక లేజర్లు తామే వంకరగా ఉండి మనల్ని దారి తప్పిస్తాయి. ఫోకసర్ ప్లాస్టిక్ మూతకు సరిగ్గా నడిమధ్యన 2 మిల్లీమీటర్ల రంధ్రం చేస్తే చాలు. పెద్ద అద్దం మధ్యన, ఫైలు కాగితాల రంధ్రాలకు అంటించే చిన్న గుండ్రటి రింగు అంటించాలి. ఆ చోటు ఎటూ చిన్న అద్దం నీడలోనే ఉంటుంది కాబట్టి కాంతికి లోటు లేదు.

రంధ్రంలోంచి చూస్తూ మూడు మెట్లు. చిన్న అద్దం గుండ్రంగా, ఫోకసర్‌కు ఎదురుగా నడిమధ్యన కనిపించాలి. తర్వాత దాని వెనక మూడు స్క్రూలు తిప్పి, పెద్ద అద్దం మీది రింగు మధ్యకొచ్చేలా చేయాలి. చివరగా పెద్ద అద్దం వెనక స్క్రూలు తిప్పుతూ, మూత రంధ్రం ప్రతిబింబం రింగు లోపల పడేదాకా ఓపిక పట్టాలి. ఈ పనంతా గొట్టాన్ని నేలకు సమాంతరంగా పడుకోబెట్టి చేయాలి. నిలబెట్టి చేస్తే జారిన స్క్రూడ్రైవరో, ఊడిన చిన్న అద్దమో నేరుగా పెద్ద అద్దం మీద పడుతుంది. అద్దాన్ని పట్టి ఉంచే మూడు క్లిప్పులు అద్దాన్ని నొక్కకూడదు, కాగితం దూరేంత సందుండాలి. నొక్కితే గాజు వంగి నక్షత్రం మూడు మూలలుగా కనిపిస్తుంది.

కడగడం, చివరి పని

రబ్బరు బ్లోయర్‌తో ఊదితే పోయే దుమ్ముకు నీళ్లు అక్కర్లేదు. నోటితో ఊదకండి, తుంపర పడుతుంది. వేలిముద్రలు, కీటకాల మరకలు, జిడ్డు ఉన్నప్పుడే కడగాలి. అద్దం తీసేముందు గొట్టానికీ అద్దపు గిన్నెకూ కలిపి మార్కర్‌తో గుర్తు పెట్టుకోవాలి. ఉంగరం, గడియారం తీసేయాలి. ప్లాస్టిక్ టబ్బులో తువ్వాలు పరిచి, అద్దాన్ని ముఖం పైకి పెట్టి, ముందు ధారాళంగా నీళ్లు పోసి గరుకు దుమ్మంతా కొట్టుకుపోనివ్వాలి. గీతలు పడేది ఈ గరుకు మిగిలిపోయినప్పుడే. తర్వాత గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి కాసేపు నాననివ్వాలి. సర్జికల్ కాటన్ ఉండను నీళ్లలోనే అద్దం మీద, దాని బరువుతోనే, నొక్కకుండా ఒకవైపుకు లాగాలి. ఒక ఉండ ఒక్కసారికే, మళ్లీ కొత్తది.

బోరు నీళ్లతో ఆపేస్తే ఆరాక తెల్లటి ఉప్పు మరకలు మిగులుతాయి. అందుకే చివరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తో. అద్దాన్ని అంచు మీద నిలబెట్టి ఆరనివ్వాలి, మిగిలిన బొట్లను టిష్యూ కొసతో తాకి పీల్చాలి. తుడవకూడదు. కిటికీ అద్దాలు తుడిచే ద్రవాలు, చొక్కా అంచులు దీని దరిదాపులకు రానివ్వొద్దు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి చాలు. ఎక్కువసార్లు కడిగిన అద్దాలే తొందరగా చెడతాయి.

మన వాతావరణంలో అసలు శత్రువు తేమ. వానాకాలమంతా పెట్టెలో సిలికా జెల్ ఉంచి, రంగు మారగానే వేడిచేసి మళ్లీ పెట్టాలి. మంచు పడిన రాత్రి తడి అద్దానికి వెంటనే మూత బిగిస్తే బూజును పిలిచినట్టే. ఇంట్లో గొట్టాన్ని కిందికి వాల్చి, పూర్తిగా ఆరాక మూత వేయాలి. డాబా గదిలో ఉంచేవాళ్లు ఫోకసర్, ఫైండర్ రంధ్రాలకు తప్పక మూతలు పెట్టాలి, లేకపోతే కందిరీగ మట్టి గూడు కట్టేస్తుంది. సముద్రపు ఒడ్డు ఊళ్లలో పూత వయసు ఇంకా తక్కువ.

సముద్రపు ఒడ్డున టెలిస్కోపును కాపాడుకోవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. 1840లో గోడే వెంకట జగ్గారావు విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో సొంత వేధశాల పెట్టారు. 1856లో ఆయన పోయాక అది అల్లుడు అంకితం వెంకట నరసింగరావు చేతికొచ్చింది. 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నడవడాన్ని ఆయన అక్కడి నుంచి పరిశీలించారు. హైదరాబాద్‌లో నవాబు జఫర్ జంగ్ 1901లో నిజామియా వేధశాలకు పునాది వేసి 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు కొన్నారు. ఆయన కాలంలో అది ఆకాశాన్ని చూడనే లేదు, 1922లో గానీ పనిలోకి రాలేదు. తండ్రి ఉద్యోగం చేసిన ఆ వేధశాలలోనే కుర్రవాడిగా నక్షత్రాలు చూడటం నేర్చుకున్నవాడు వైను బప్పు. కావలూరులోని 2.3 మీటర్ల టెలిస్కోపుకు 1986లో పెట్టింది ఆయన పేరే. ఇరవై ఏళ్లు ఎదురుచూసిన టెలిస్కోపు కింద అలాంటి శాస్త్రవేత్త తయారయ్యాడంటే, మన బడి బీరువా వెనక ఉన్నదాన్ని ఇవాళే బయటికి తీయాలి.

బాగైందని ఎలా తెలుస్తుంది?

గొట్టాన్ని ఒక గంట ముందే డాబా మీద పెట్టి అద్దం చల్లబడనివ్వాలి. పుస్తకాలు ధ్రువనక్షత్రాన్ని చూసి పరీక్షించమంటాయి. మన దగ్గర అది దిగువన, మసకగాలిలో ఉంటుంది. నడినెత్తికి దగ్గర్లో మధ్యరకం వెలుగున్న నక్షత్రం మేలు. ఫోకస్‌ను కొంచెం తప్పిస్తే నక్షత్రం వలయాలుగా విచ్చుకుంటుంది. వలయాలన్నిటికీ కేంద్రం ఒకటే అయితే పొందిక కుదిరినట్టు. ఒక పక్కకు ఒరిగితే అడుగు స్క్రూను కొద్దికొద్దిగా తిప్పి మళ్లీ చూడాలి.

తర్వాత ఏప్రిల్, మే సాయంత్రాల్లో సప్తర్షి మండలానికి తిప్పండి. పెళ్లిలో చూపించే అరుంధతి పక్కనున్న వశిష్ఠుడు ఒంటరి నక్షత్రం కాదు, 14 ఆర్క్ సెకన్ల దూరంలో ఇంకో నక్షత్రం ఉంది. ఏ చిన్న టెలిస్కోపయినా ఆ జంటను విడదీయాలి. విడదీయకపోతే మళ్లీ రింగు, మూడు స్క్రూల దగ్గరికి వెళ్లండి. విడదీస్తే పడమటి వైపు దిగుతున్న పునర్వసు నక్షత్రాల్లో కాస్టర్‌ను పట్టుకోండి, పెంపు 150 రెట్లకు తీసుకెళ్లండి. అక్కడి జంట మధ్య దూరం 5, 6 ఆర్క్ సెకన్లే. రెండు చుక్కల మధ్య నల్లని సందు నిలకడగా కనిపిస్తే ఆ అద్దాన్ని వచ్చే ఏడాది దాకా ముట్టుకోనక్కర్లేదు.